మా బావమరిది తప్ప

"ఖాళీ సీసా ఫ్రిజ్‌లో పెట్టిందెవరు?" అని ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"ఖాళీ కాదు. అడుగున రెండు గుక్కలున్నాయి," అన్నాడాయన, చూస్తున్న కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

"రెండు గుక్కలు పిచ్చుక్కి కూడా చాలవు. 'తాగినవారే నింపవలెను' అని తలుపుకి అంటించిన మహానుభావుడు ఎవరో మరి!"

చీటీ నిజంగానే ఉంది. సబ్బు పెట్టె దగ్గర ఇంకొకటి, స్విచ్‌బోర్డు పక్కన మరొకటి. అన్నీ ఆయన దస్తూరీయే. ఆవిడ తమ్ముడు ఆయనకు 'షరతులాయన' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

"సీసా పూర్తిగా ఖాళీ చేసినప్పటి మాట అది. రెండు గుక్కలు మిగిల్చినదానికి..."

"మీతో వాదించడం కంటే కుళాయి తిప్పడం తేలిక," అంటూ ఆవిడే నింపింది. "సాయంత్రం తమ్ముణ్ణి భోజనానికి రమ్మన్నాను. పనిలో పడితే వాడికి ఒళ్ళు తెలియదు. మీరే వాడి బైండింగు కొట్టుకెళ్ళి వెంటబెట్టుకు రండి."

ఆయన ఊఁ కొట్టాడు. ఆయన మనసు అక్కడ లేదు. ఏడాదిగా ఎదురుచూస్తున్న జాబు అప్పుడే వచ్చింది.

ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. పుస్తకం అచ్చు వేసేటప్పుడు ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు పడతాయి. మడిచాక అవి వరసలో రావాలంటే ఒకటో పేజీ పక్కన పదహారు ఉండాలి, రెండు ఉంటే కుదరదు. ఏ పేజీ ఎక్కడ పడాలో ఆ ప్రోగ్రాం క్షణంలో తేలుస్తుంది. లోకంలో ఎవరైనా ఉచితంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది. దానికి ప్యాకేజీల భాండారం ఉంది. అందులో చేరిన ప్రోగ్రామును ఎవరైనా ఒక్క మాట టైపు చేసి తెచ్చుకోవచ్చు. అక్కడ తన ప్రోగ్రాం, దాని కింద తన పేరు చూసుకోవాలని ఆయన ఆశ.

అక్కడ లైసెన్సులు, అంటే వాడుక షరతులు, పరిశీలించే ఒకామె రాసింది: 'మీ ప్రోగ్రాం చక్కగా ఉంది. లైసెన్సు చివరి వాక్యంతోనే చిక్కు. "దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మా బావమరిది తప్ప" అని ఉంది. ఏ ఒక్క మనిషిని వెలివేసినా ఆ ప్రోగ్రామును మేం చేర్చుకోలేం. ఇది సరదాకి రాసిందా, నిజంగా షరతేనా?'

ఆ జాబు అందరూ చదివే చోటే ఉంది. కింద అప్పుడే ఒకాయన తగులుకున్నాడు: 'నేనూ ఒకరికి బావమరిదినే. నాకూ వర్తిస్తుందా?' ఇంకొకరు: 'పాపం, ఏం చేశాడండీ ఆయన?'

ఆయనకు చెవులు వేడెక్కాయి. బావమరిది చేసిందేమంత పెద్ద నేరం కాదు. ప్రోగ్రాం మొదటిసారి చూపించిన రోజు పదిమందిలో, "కాగితం మడిచి అంకెలు వేస్తే తేలేదానికి ఇంత హంగామానా బావా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ మంటలో కూర్చుని కొత్త వెర్షన్ లైసెన్సులో ఆ వాక్యం తగిలించాడు. కోపం చల్లారింది, వాక్యం ఉండిపోయింది.

'సరదాకి రాసిందేనండీ, తీసేస్తాను' అని టైపు చేశాడు. పంపబోయి, మరోసారి చూసుకుందామని ఆపి, సాయంత్రం కొట్టుకు బయల్దేరాడు.

అచ్చు, బైండింగు రెండూ చేసే ఆ కొట్టు నిండా జిగురు వాసన. బావమరిది బల్ల మీద తెల్లకాగితం మడిచి, మూలమూలా పెన్సిలుతో అంకెలు వేసి, మళ్ళీ విప్పి చూస్తున్నాడు. పక్కన కట్టలు కట్టలుగా పాడైన కాగితాలు.

"ఇవేమిటి?"

"నా తెలివి! తొమ్మిది పక్కన పదకొండు వేశాను. మొత్తం మళ్ళీ అచ్చు కొట్టాలి," అని గట్టిగా నవ్వాడు. "నీ నోటితో నువ్వే అనేయ్ బావా, కాగితం మడిస్తే తేలుతుందన్నావుగా అని."

"ప్రోగ్రాం ఇచ్చాను కదా. వాడటం లేదా?"

"మొదట్లో వాడాను. బంగారంలా పనిచేసింది, నీ ముందు ఒప్పుకోలేదనుకో. కొత్తది ఎక్కిస్తుంటే 'షరతులు చదివాను' అని నొక్కమంది. లోకంలో ఎవడూ చదవడు. నీ రాతలు కదా అని నేను చదివాను." పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "నన్నొద్దన్నావు. తీసేశాను."

"అది... సరదాకి..."

"అవునా? నువ్వు సరదాకి చీటీలు రాయడం నేనెప్పుడూ చూళ్ళేదే."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. "అక్కకి చెప్పావా?"

"చెప్తే నీకు అన్నం పెడుతుందా?" అని మళ్ళీ నవ్వాడు గానీ, ఈసారి కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "ఆ రోజు నేను నోరు జారిన మాటా నిజమే. సరేలే అనుకున్నాను. పద, ఆకలేస్తోంది."

దారి పొడుగునా బావమరిదే మాట్లాడాడు. ఆయనకు పక్కన నడవడానికే ముఖం చెల్లలేదు. తను ఒక్క క్షణం ఉడుకులో రాసి మరిచిపోయిన మాటను ఈ వాగుడుకాయ ఇన్నాళ్ళూ నోరెత్తకుండా పాటించాడు. ఇప్పుడు 'సరదాకి' అని పంపితే, మాట నిలబెట్టినవాణ్ణి వెర్రివాణ్ణి చేసినట్టే.

భోజనాల దగ్గర ఆవిడ తమ్ముడికి కొసరి కొసరి వడ్డిస్తోంది. "వేళ్ళు చూడరా, పెన్సిలు మసి! బావ ప్రోగ్రాం ఉండగా నీకీ అవస్థ ఏమిటి?"

"చేతి పనికి అలవాటు పడ్డానక్కా," అన్నాడు వాడు, తల వంచుకుని.

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అలవాటు కాదు. వాడుకోవద్దని నేనే రాశాను. లోకమంతా వాడుకోవచ్చు, వీడు తప్ప అని."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "నా తమ్ముణ్ణా?"

"బావా, ఊరుకో," అన్నాడు బావమరిది.

"ఆ వాక్యం ఇవాళే తీసేస్తాను. అది సరదాకి రాసిందా అని అక్కడ అడిగారు. కాదు, కోపంతో నిజంగానే రాశాను, మా బావమరిది దాన్ని నిజంగానే పాటించాడు అని, అందరూ చదివే చోటే జవాబు రాస్తున్నాను. ఆ తర్వాత నా ప్రోగ్రామును చేర్చుకుంటారో మానతారో వాళ్ళ ఇష్టం."