గడ్డివాము కింద ఇంగ్లీషు

మా నాన్న కాశీవిశ్వనాథానికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఎవరికి వచ్చో, ఎవరికి రాదో ఇట్టే తేల్చేసేవాడు. ఆగకుండా మాట్లాడితే వచ్చినట్టు, మధ్యలో ఆగితే రానట్టు. తిరువూరు బజార్లో మా కిరాణా కొట్టుకు వచ్చే సబ్బుల కంపెనీ ఏజెంటు మొదలుకొని హైస్కూలు హెడ్మాస్టరు దాకా అందరినీ ఆయన ఇలాగే పాసో ఫెయిలో చేశాడు. హెడ్మాస్టరు ఫెయిలయ్యాడు. పాపం, ఆయనకు కాస్త నత్తి.

ఎమర్జెన్సీ రోజులవి. టెన్త్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్నాను. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానని అన్నాను. మా బంధువుల్లో ఏ ఆడపిల్లా అప్పటికి ఆ పని చేయలేదు. నాన్న వెంటనే కాదనలేదు.

"సెలవులయ్యేలోగా ఇంగ్లీషులో అయిదు నిమిషాలు ఆగకుండా మాట్లాడు, పంపిస్తా. మధ్యలో ఆగావంటే మాత్రం ఇంట్లో కూర్చుని మీ అమ్మతో అప్పడాలు వత్తుకో," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. మా నాన్న కోపంగా అన్నవి మర్చిపోతాడు, నవ్వుతూ అన్నవి చేసి తీరతాడు. అందుకే నాకు భయం పట్టుకుంది. మర్నాడే వెళ్ళి మరియదాసు మాస్టారి దగ్గర చేరాను.

మాస్టారు రిటైరై బజారు వీధిలో తన ఇంటి అరుగు మీద ట్యూషన్ చెప్పేవారు. పుస్తకం లేదు, పలక లేదు. రోజూ పొద్దున ఒక్కొక్కళ్ళం లేచి నిలబడి, నిన్న ఏం చేశామో ఇంగ్లీషులో చెప్పాలి. నిన్న కాబట్టి అంతా జరిగిపోయిన పనే. ఆ పని చెప్పి ఊరుకుంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "వెళ్ళావు సరే, ఎక్కడికి? వచ్చావు, ఎక్కణ్ణుంచి? కూర్చున్నావు, దేని మీద? తోక తగిలించమ్మా, తోక," అనేవారు. వెంట్ టు ది మార్కెట్, కేమ్ ఫ్రం ది వెల్, శాట్ ఆన్ ది మ్యాట్. ఇలా తోకలు తగిలించీ తగిలించీ, చివరికి తోక లేని మాట నోట్లోంచి రావడమే మానేసింది.

ఇంకో నియమం కూడా ఉంది. నిజమే చెప్పాలి. "అబద్ధం చెప్పాలంటే ఆలోచించాలి. ఆలోచిస్తే ఆగుతారు. నిజమైతే ఎదురుగా కనపడుతూ ఉంటుంది, చూసి చెప్పేయడమే," అనేవారు మాస్టారు. ఆగకపోవడమే నాకు కావలసింది కాబట్టి ఆ నియమం నాకు ప్రాణంతో సమానమైంది.

మే నెలాఖరులో ఒక రోజు మధ్యాహ్నం బస్సు కండక్టరు ఒకాయన కొట్టు దగ్గర ఆగి, విస్సన్నపేటలో సరుకుల చెకింగ్ జరుగుతోందని చెప్పి వెళ్ళాడు. కొట్టు ముందు నల్లబల్ల మీద ఉన్న సరుకెంతో రాసిపెట్టాలని అప్పట్లో రూలు. మా బల్ల మీద పంచదార ఒక బస్తా అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. లోపల ఇంకా చాలా ఉన్నాయి. నాన్న వాటిని పట్టపగలే బండికెత్తించి, పైన గేదె దాణాకని చిట్టు బస్తాలు పరిచి ఇంటికి తెచ్చాడు. దొడ్లో గేదె కోసం వేసిన గడ్డివాము ఉంది. బస్తాలు దాని కిందికి వెళ్ళాయి. అమ్మ, నేను గడ్డి అందించాం.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. బల్ల చూశాడు, కొట్టు చూశాడు, రెండూ సరిపోయాయి. నాన్న అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన మా నాన్న ఎందుకవుతాడు? "పెసరట్టు తిని వెళ్ళాలి సార్," అని ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆఫీసరు వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ అట్టు పెట్టింది. నేను మంచినీళ్ళు తెచ్చాను.

"మా అమ్మాయండి, పరమేశ్వరి. ఇంగ్లీషు మాట్లాడుద్ది. మీరు ఆఫీసర్లు, మీరే చూసి చెప్పాల," అన్నాడు నాన్న. తర్వాత నావైపు తిరిగి గోడ గడియారం చూపించాడు. "కానియ్. అయిదు నిమిషాలు. ఇయ్యాళ్టితో నీ విజయవాడ సంగతి తేలిపోవాల."

మాట్లాడమంటే నాకు తెలిసింది ఒక్కటే, నిన్నటి రోజు. మొదలుపెట్టాను. యెస్టర్‌డే ఐ వెంట్ టు ది వెల్ విత్ మై మదర్. ఐ శాట్ అండర్ ది విండో. మూడు నిమిషాలు నీళ్ళు పారినట్టు సాగింది. నాన్న మొహం వెలిగిపోతోంది. ఆఫీసరు అట్టు తింటూ మర్యాదకు తలాడిస్తున్నాడు.

అప్పుడు నా నిన్నటి రోజులో మధ్యాహ్నమైంది. బండి వచ్చేసింది.

"మెనీ బ్యాగ్స్ కేమ్ ఫ్రం ది షాప్ ఇన్ ఎ కార్ట్," అన్నాను. ఆఫీసరు నమలడం ఆపాడు. నేనూ ఆగబోయాను.

"షాపంటుందండి, మన షాపు గురించే," అన్నాడు నాన్న ఆఫీసరుతో, పొంగిపోతూ. నావైపు చూసి, "ఆగుతున్నావేంటి? ఇంకా రెండు నిమిషాలుంది," అన్నాడు.

తలుపు పక్కన అమ్మ నిలబడి ఉంది. ఆగితే అప్పడాల పీట. ఆగకపోతే నాన్న పీకకు ఉచ్చు. ఇంకేదన్నా కల్పించి చెబుదామంటే ఒక్క మాట కూడా తట్టలేదు, గడ్డివాము మాత్రం కళ్ళ ముందు కొండలా నిలబడి ఉంది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు నాన్న మీద కన్నా నా చదువు మీదే ప్రేమ ఎక్కువైంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

"మై ఫాదర్ పుట్ దెమ్ అండర్ ది హే," అన్నాను. ఆ తర్వాత గేదె గురించి, దూడ గురించి ఏవేవో చెప్పి అయిదు నిమిషాలూ నింపేశాను.

ఆఫీసరు చెయ్యి కడుక్కున్నాడు. "దొడ్డి ఎటువైపండీ?" అని అడిగాడు.

నాన్న ఇంకోలా అర్థం చేసుకుని, పరుగున వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, దగ్గరుండి దారి చూపించాడు. ఆఫీసరు చెంబు గడ్డివాము పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

సాయంత్రానికి బస్తాలన్నీ వసారాలోకి వచ్చాయి. ఆఫీసరు అదే కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో రెండు పేజీలు రాసి, సంతకం పెట్టమన్నాడు. పెసరట్టు తిన్న మొహమాటం కాబోలు, అరెస్టు మాట ఎత్తలేదు. నాన్న కాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారి సంతకానికి ముందు ఆగాడు.

"దీన్లో ఏం రాశాడో చదివి చెప్పమ్మా. అసలెట్టా తెలిసింది ఈయనకి?"

నేను చదివాను. అంతా జరిగిపోయిన పనులే, తోకలతో సహా. నేను అనుమానంతో దొడ్డిలోకి వెళ్ళితిని. గడ్డివాము వైపు బారులు తీరి పోవుచున్న చీమలను నిశితంగా గమనించితిని. నా అనుభవముతో, ఎవరి సహాయమూ లేకుండా, సరుకును కనుగొంటిని. వాక్యానికి వాక్యం తెలుగులో చెప్పాను. నా పేరు ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. అది అబద్ధమని నేను చెప్పాలంటే నిజం కూడా నేనే చెప్పాలి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను, అంతే అనుకుని నోరు మూసుకున్నాను.

"చీమలు," అన్నాడు నాన్న నీరసంగా. సంతకం పెట్టాడు. ఆఫీసరు బస్తాలన్నీ మా బండికే ఎత్తించుకుని వెళ్ళిపోయాక చాలాసేపు గడ్డివాము వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఎంత బుర్రే ఆయనకి. చీమల్ని బట్టి కనిపెట్టాడంట. ఇంగ్లీషు చదివినోళ్ళంటే అట్టా ఉండాల. నువ్వూ అంతటిదానివి కావాల. విజయవాడ పంపిస్తాలే." మర్నాడు పొద్దున్నే చీమల మందు తెచ్చి దొడ్డంతా చల్లాడు.

నేను ట్యూషన్‌కి వెళ్ళాను. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"యెస్టర్‌డే నథింగ్ హ్యాపెన్డ్ ఇన్ అవర్ హౌస్," అన్నాను. ఎక్కడా ఆగలేదు.

మా బస్తాల బండి మొన్న ఆ అరుగు ముందు నుంచే ఇంటికి వెళ్ళింది, నిన్న సాయంత్రం ఆ అరుగు ముందు నుంచే ఆఫీసరు వెంట వెళ్ళింది. రెండుసార్లూ మాస్టారు అక్కడే ఉన్నారు.

"నీకు ఇంగ్లీషు వచ్చేసిందమ్మా," అన్నారు. "రేపట్నుంచి రానక్కర్లేదు."