ఏ అంచు నుంచి?

"ఈ బెజ్జాలు కలవకపోతే ఏం కాను? బంగారంలాంటి పలక, పొయ్యిలోకేగా!"

కూతురు ఇంకా డ్రిల్లు చేతిలోకైనా తీసుకోలేదు. తల్లి అప్పుడే గుండెలు బాదుకుంటోంది.

"అమ్మా, నోరు మంచిది చేసుకో. అంచు నుంచి ఎన్నంగుళాలు వదిలాడో నాన్ననడుగు."

నాన్న ఊళ్లో లేకకాదు. పలకలకు అవతల, వీధి వైపు నిలబడి చిత్రిక పొట్టు ఊదుకుంటున్నాడు.

"ఏమండీ, ఎన్నంగుళాలని అడుగుతోంది."

"మూడని చెప్పు దానికి."

"మూడట."

"విన్నాలే."

మూడు వారాలుగా ఇదే తంతు. తలుపు చేయించుకోవడానికి వచ్చినవాళ్ల ముందు, "నీకు చూపు ఆనడం లేదు నాన్నా, కొలతలు నేను తీస్తా" అంది కూతురు. అంతే, వడ్రంగి నోరు కుట్టేసినట్టయింది. కూతురు ఉలి పట్టిన నాటినుంచీ "మేస్త్రీ" అని పిలిచినదాన్ని ఇప్పుడు "అది" అంటున్నాడు. ఆ పిల్ల మాత్రం తక్కువ తిందా? తన ఉలులన్నీ సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టింది. ఈ పనిబల్ల పూర్తి కాగానే వేరే కొట్లో చేరుతుందట. సంచి కంటపడినప్పుడల్లా తల్లి మొహం తిప్పుకుంటోంది. ఇప్పుడు బల్ల కూడా చెడిందంటే తప్పు నీదంటే నీదనుకుంటారు. ఇక సంచి భుజానికెక్కినట్టే.

బల్లకు రెండు మందపాటి పలకలు, ఒకదాని మీద ఒకటి. కింది పలక పైముఖం మీద, సరిగ్గా నడుమ, పొడవునా గాడి. పై పలక అడుగున అందులో ఇమిడే పట్టీ. రెండూ కరుచుకున్నాక ఆరు బెజ్జాలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, ఇనప కడ్డీ పైనుంచి నేరుగా దిగాలి. పై పలకకు తండ్రి బెజ్జాలు వేసేశాడు. కింది పలకకు కూతురు గోడ వైపు నిలబడి మూడంగుళాలకు గుర్తులు పెట్టింది. చెడితే కొట్లో మరో పలక లేదు.

బిగించబోయే తీరునే, బోర్లించకుండా, పక్కపక్కన పరిచిన పలకల కొసన నిలబడి తల్లి చూసింది. ఆయన బెజ్జాలు ఆయన వైపు అంచున. పిల్ల గుర్తులు పిల్ల వైపు అంచున. ఇద్దరూ తలుపు దగ్గరి కొస నుంచే మొదలుపెట్టారు; అవతలి కొసన వదిలింది వేరు, కొసలు మార్చి పెట్టినా కలవవు. ఒకప్పుడు చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించి, గుడ్డ ముందు కూలబడి ఏడ్చిన రోజు గుర్తొచ్చింది ఆమెకు.

డ్రిల్లు గుయ్యిమంది.

"ఆపవే! ఆపు!"

"ఏమైందమ్మా? పొద్దున నిచ్చెన విరుగుతుందన్నావు, ఇందాక కరెంటు కొడుతుందన్నావు. ఇప్పుడేంటి?"

"ఆ మూడంగుళాలు ఏ అంచు నుంచే? నీ వైపు నుంచా, ఆయన వైపు నుంచా?"

"కలవకపోతే పలక తిరగేస్తాలే."

"తిరగేస్తే గాడి అడుక్కి పోదూ?"

కూతురు వేలు మీట మీది నుంచి జారింది. పలక కేసి చూసింది. అవతలి పలక కేసి చూసింది.

"నాన్ననడుగు, ఏ అంచు నుంచో" అంది మెల్లగా.

తల్లి అలవాటుగా అటు తిరగబోయి ఆగిపోయింది.

"నేనడగను. మీ మాటలు మోసి మోసి నా నడుం విరిగింది. ఎదురుగానే ఉన్నాడుగా, నువ్వే అడుగు."

కూతురు తల ఎత్తలేదు. డ్రిల్లు మొన ఇంకా గుర్తు మీదే ఉంది.

"ఏ అంచు నుంచి నాన్నా?"

వడ్రంగి కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. పలకల మీదుగా వంగి, కూతురు పెట్టిన గుర్తులకు ముక్కు తగిలేంత దగ్గరగా మొహం పెట్టాడు. బొటనవేలితో పెన్సిలు గీత కోసం తడుముకున్నాడు. వీధిలో బండి ఏదో వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. ఆయన ఇంకా తడుముతూనే ఉన్నాడు. తల్లి కళ్లు గుమ్మం పక్కనున్న సంచి మీదికి పోయాయి. అయిపోయింది, అనుకుంది. పిల్ల రేపే వెళ్లిపోతుంది. ఈయన ఇక ఎవరితోనూ మాట్లాడడు.

"వీధి వైపు నుంచి, మేస్త్రీ" అన్నాడాయన వంగినవాడు వంగినట్టే. "నీ గుర్తులు నాకు కనబడలేదు. ఇటొచ్చి నువ్వే కొలువు."