నీళ్ళు కొట్టే మనిషి

తొట్టిలోకి రెండు చేతులూ ముంచి, నీళ్ళు పైకి లేపి, మళ్ళీ గట్టిగా కొడుతున్నాడు దరువు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ప్రాణంతో ఉన్న చేపల్ని మోసే లారీ వెనక కూర్చుని ఏళ్ళ తరబడి నీళ్ళు కొట్టీ కొట్టీ ఈ 'దరువు' అన్న పేరే ఖాయమైపోయింది. నీళ్ళు ఎగిరిపడుతూ ఉంటేనే వాటిలో గాలి కలుస్తుంది, గాలి ఉంటేనే చేప బతుకుతుంది. లోకంలో ఇదీ ఒక ఉద్యోగమేనా అని అత్తగారు బతికినన్నాళ్ళూ మూతి తిప్పుకుంది.

అరచేతులు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. కుడి భుజం నిరుటి నుంచి మొరాయిస్తోంది. ఆ సంగతి షావుకారు కనిపెట్టనే కనిపెట్టాడు. "ఇంకొక్క లోడు చచ్చిందంటే నువ్వు ఇంటికి, గాలి కొట్టే మిషను బండికి" అని మొన్న మొహం మీదే చెప్పేశాడు. ఇంట్లో భార్యకు ఆ మాట చెప్పడానికి దరువుకు నోరు రాలేదు. ఈ చేతులకు మరో పని తెలియదు. ఈ వయసులో నేర్పే నాథుడూ లేడు.

ఇవాళ దారిలో ఏదో బండి బోల్తాపడి రోడ్డు మూసుకుపోయింది. లారీ నడుస్తుంటే కుదుపులకు నీళ్ళు వాటంతటవే చిందుతాయి, చేతులకు కాస్త తెరిపి. ఆగిందా, అతనే కొట్టాలి. ఎండ మాడ్చేస్తోంది. పొద్దున వేసిన ఐసు ఎప్పుడో కరిగిపోయి, నీళ్ళు గోరువెచ్చబడ్డాయి. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. వాటిని చూసి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. భుజంలోని నొప్పి ఛాతీలోకి పాకుతున్నా చేతులు ఆపలేదు.

"చావకండమ్మా, ఈ ఒక్క పూటకి నన్ను గట్టెక్కించండి" అని చేపల్నే బతిమాలుకున్నాడు.

డ్రైవరు మీసాలు నెరిసిన మనిషి. దూరంగా ఉన్న కొట్టుకు పరుగెత్తి ఒక బస్తా ఐసూ, ఒక సోడా పట్టుకొచ్చాడు. మూత తీయగానే సగం సోడా నురగై అతని చొక్కా మీదే పడింది.

"ఎండలో పెట్టి అమ్ముతున్నాడు బాబాయ్, వేడి సోడా."

"వేడెక్కితే నీళ్ళు గాలిని పట్టుకోలేవురా. మూత బిగించి ఉన్నంతసేపూ గప్‌చిప్‌గా పడుంటుంది. తీశావా, ఇక ఆగుతుందా? ఈ తొట్టికి మూతా లేదు, చల్లదనమూ లేదు."

"ముందు నువ్వు తాగు. మొహం చూడు ఎలా పాలిపోయిందో."

"అక్కడ పెట్టు. ఐసు ఇలా తే."

ఐసు మొత్తం తొట్టిలో పోశాడు. ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. డ్రైవరు సోడా సీసాను గోనెసంచుల మధ్య ఇరికించి వెళ్ళాడు. కాసేపటికి ముందున్న బళ్ళు కదిలాయి.

వెనక నుంచి చప్పుడు వినిపించకపోయినా డ్రైవరుకు అనుమానం రాలేదు. ఎలాగూ బండి నడుస్తోంది, పాపం పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నాడు.

సంతలో లారీ ఆపి వెనక తలుపు దించాడు. దరువు తొట్టి అంచుకు గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. కుడిచేయి మోచేతి దాకా నీళ్ళలోనే ఉంది. దాని పక్కనుంచి చేపలు హుషారుగా దూసుకుపోతున్నాయి. "బాబాయ్" అని పిలిచి, భుజం పట్టి కుదిపి, డ్రైవరు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

ఫోను మోగింది. షావుకారు.

"ఎన్ని పోయాయి?"

డ్రైవరు తొట్టిలోకి చూశాడు. "చేప ఒక్కటి కూడా పోలేదండీ" అన్నాడు. తర్వాతి మాట చెప్పేలోపే అవతల ఫోను పెట్టేశారు.

గోనెసంచుల మధ్య సోడా సీసా నిలబడే ఉంది. దారిలో ఒలికింది ఒలకగా మిగిలింది అడుగున ఉంది, అందులో ఇక బుడగలు లేవు.