సిగ్గు పాఠం

అచ్చియమ్మ బడి అరుగు అలికి, నీళ్లు మోసుకొచ్చి కుండ నింపేసరికి లోపల పిల్లలు గొల్లున నవ్వుతున్నారు. ఎవరి మెడలోనో ఎండుటాకుల దండ పడిందన్నమాట. పాఠం అప్పజెప్పలేని వాళ్లకు ఆమె భర్త తాతారావు మేష్టారు వేసే శిక్ష అది. మన్యంలో తిరుగుబాటు, ఆ ఫితూరీ, సద్దుమణిగిన మరుసటేడు సర్కారువారు పెదబయలు దగ్గరి ఈ కొండ ఊళ్లో బడి పెట్టారు. జీతం ఆయనది, అలకడం, ఊడవడం, నీళ్లు మోయడం ఆమెవి.

ఆ రోజు దండ కనక అనే పిల్ల మెడలో ఉంది. కొండోళ్ల గుంట, చిన్నపిల్ల. తెలుగు పాఠంలో తన ఇంట్లో మాటాడే కొండ భాష మాట కలిపేసిందట.

"సిగ్గు తగిలితేనే బుర్ర కదుల్తాది," అన్నాడాయన భోజనం దగ్గర. "నీకు వంటెలా వచ్చింది మరి?"

ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. కాపరానికొచ్చిన కొత్తలో పులుసులో ఉప్పెక్కువైతే, చుట్టాలందరి ముందు ఆయన విస్తరి తోసేశాడు. "మీయమ్మ నేర్పిందిదేనా ఏటి?" అంది అత్తగారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఉప్పెప్పుడూ ఎక్కువ కాలేదు, నిజమే. కానీ పాడుకుంటూ వండే అలవాటు ఆ రోజే పోయింది. పోయిందని కూడా ఎవరూ గమనించలేదు.

మర్నాటి నుంచి కనక బడికి రాలేదు. ఇంతలో బళ్ల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది.

"బేగి వెళ్లి ఆ గుంటను లాక్కురా. హాజరు తగ్గితే నా మాట పోతాది," అని ఆయన ఆమెనే తరిమాడు.

అచ్చియమ్మ కొండెక్కింది. ఆమెను చూడగానే కనక రాగులు, అదే చోళ్లు, పోసిన గాదె వెనక నక్కింది.

"దాన్నొగ్గీయమ్మా, పంతులమ్మా," అంది పిల్ల అవ్వ. "గలగలా మాటాడీది. ఇప్పుడు ఇంట్లోనూ నోరిప్పదు. మా మాటంటేనే దానికి సిగ్గేస్తన్నాది."

అచ్చియమ్మ ఆ గాదె పక్కనే చతికిలబడింది. లేచే ఓపిక లేదు. గాదెలోంచి గుప్పెడు గింజలు తీసి, "సోళ్లని మీ మాటలో ఏటంటారే?" అని అడిగింది. కనక గొణిగింది. ఆమె తప్పుగా పలికింది. కనక సరిదిద్దింది. మళ్లీ తప్పింది. ఈసారి పిల్ల పకపకా నవ్వేసింది. ఆ నవ్వు ఎక్కడా గుచ్చుకోలేదు.

"మళ్లీ సెప్పవే," అంది అచ్చియమ్మ.

ఒంటరిగా దిగివచ్చిన ఆమెను చూసి తాతారావు మండిపడ్డాడు. "గుంటేదీ?"

"తేలేదండి. రోజూ నేనే దాని దగ్గరికెళ్తాను. నాకొచ్చిన అక్షరాలు దానికి చెప్తాను. బడి పనికి మీరెవరినైనా చూసుకోండి."

"పంతులు పెళ్లానివి! కొండోళ్ల గుమ్మంలో కూకుంటావా? సిగ్గు లేదూ?"

"లేదండి," అంది ఆమె. "ఉన్నదంతా మీ ఇంట్లోనే అయిపోయింది."