కొత్త రంగు మీద పెన్సిలు గీతలు

ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా పైపుల మేస్త్రీ నోరు ఊరుకోదు. ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి లోపాలు చెప్పిన నోరది. ఇప్పుడు అమ్ముతున్నది సొంతిల్లన్న సంగతి కూడా దానికి పట్టదు. "వానాకాలం ఈ మూల చెమ్మ వస్తుందండీ" అని మొదటివాళ్లను, "ఈ కొళాయి అప్పుడప్పుడూ మొరాయిస్తుంది" అని రెండోవాళ్లను సాగనంపాడు. భార్య తల పట్టుకుంది.

ఆమె తొందర ఆమెది. ఇరవై ఆరు మెట్లు ఎక్కి వచ్చేసరికి మేస్త్రీ మోకాళ్లు మొరపెట్టుకుంటున్నాయి. పక్క వీధిలో మెట్లు లేని ఇల్లు దొరికింది. ఆ ఇంటాయన ఆదివారం వరకే ఆగుతానన్నాడు. ఇది అమ్ముడుపోతే తప్ప అది కొనలేరు.

అందుకే బ్రోకరు చెప్పిన సలహాలు పొల్లుపోకుండా పాటించింది. అటకమీది సామాను వదిలించుకుంది, కిటికీలు తోమింది, గోడలన్నిటికీ తెల్లరంగు వేయించింది. గోడల లోపల పైపులు ఎటు పోతున్నాయో గుర్తుకోసం మేస్త్రీ గీసుకున్న పెన్సిలు గీతలు కూడా ఆ రంగు కింద మాయమయ్యాయి. ఆయన రెండు పూటలు ఆ గోడలు తడుముకుంటూ తిరిగాడు.

శనివారం ఒక టీచరమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది.

"మీరు నోరు విప్పితే నా మీద ఒట్టే" అంది భార్య గుసగుసగా.

మేస్త్రీ బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు. బ్రోకరు ఇల్లంతా తిప్పి, "ఏ సమస్యా లేదమ్మా, బంగారంలాంటి ఇల్లు" అన్నాడు. టీచరమ్మ వంటింటి గోడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ అల్మారా బిగించుకోవచ్చా?" అని అడిగింది.

"ఓ, నిక్షేపంగా!" అన్నాడు బ్రోకరు.

"అక్కడ మేకు కొట్టారో, వంటిల్లు చెరువైపోతుంది!"

మేస్త్రీ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. చెవి మీది పెన్సిలు అందుకుని, వేళ్లతో గోడ తట్టి చూసుకుంటూ, కొత్త రంగు మీద బరబరా గీసేశాడు. "నీళ్లు ఇలా వచ్చి ఇలా దిగుతాయి. ఈ జానెడు మేర ముట్టుకోకండి. అల్మారా ఇటు పెట్టుకోండి. ఆ మూల చెమ్మ వస్తుంది, వానలకు ముందే డాబా మీద పగులు పూడ్పించుకోండి."

భార్యకు ఏడుపొక్కటే తక్కువ. మెట్లు లేని ఇల్లు చేజారిపోయిందనుకుంది.

టీచరమ్మ తల్లి చెమ్మ మూలను తడిమి చూసి వచ్చి, తీరిగ్గా కూర్చుంది. "తొమ్మిది ఇళ్లు చూశాం. అన్నీ బంగారమే అన్నారు. లోపం చెప్పింది ఈయనొక్కరే. దీన్నే తీసుకుందామే" అంది కూతురితో.

"తీసుకుందాం. కానీ మిగతా గదుల్లో కూడా గీసివ్వాలండీ" అంది టీచరమ్మ.

మేస్త్రీ భయంభయంగా భార్య వైపు చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ నోరు ఆమెకు ముద్దొచ్చింది. మొద్దుబారిన పెన్సిలు ఆయన చేతిలోంచి లాక్కుని, కత్తిపీట ముందు కూర్చుని తనే చెక్కి ఇచ్చింది.

"కానివ్వండి. రేపు ఆ ఇంటాయన కూడా ఏ సమస్యా లేదంటాడు. అక్కడ మాత్రం నోరు మూసుకున్నారో, నా మీద ఒట్టే."