మందు కొట్టిన రోజు

న్యాన్ నా కంటే మూడేళ్ళు చిన్నది. మా ఊరు సాడెక్‌లో వాళ్ళ పూల మడి, మా పూల మడి పక్కపక్కనే, మధ్యలో ఒక పిల్లకాలవ. నీళ్ళలో నిలబెట్టిన వెదురు మంచెల మీద వరసగా పెట్టిన చామంతి బుట్టలకు పడవల్లోంచి నీళ్ళు పోస్తూ మేమిద్దరం చెప్పుకోని మాట లేదు. నాకు పెళ్ళయి ఆరేళ్ళు, దానికి నాలుగేళ్ళు. ఇద్దరికీ పిల్లల్లేరు. నలుగురు ఆడవాళ్ళు చేరి పిల్లల జ్వరాలు, బళ్ళ సంగతులు మొదలుపెట్టగానే మేమిద్దరం ఏదో పనున్నట్టు పక్కకు జరిగేవాళ్ళం. మా స్నేహం అలా కుదిరింది.

ఆ ఏడాది కొత్త సంవత్సరపు టెట్ పండగకి పూల అమ్మకాలు ముగిసి చేతులు ఖాళీ అయ్యాక, మా పేటలోని ఆరోగ్య కేంద్రానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్కడ బిక్ అని ఒక నర్సమ్మ ఉంది. యాభై దాటిన మనిషి, మాట కటువు. మా బరువు చూసింది, రక్తం తీయించింది, నెలసరి తేదీలు అడిగింది. నన్ను చూసి, నువ్వు ఆరు కిలోలు తగ్గాలి అంది. న్యాన్‌ని చూసి, నువ్వు మూడు కిలోలు పెరగాలి అంది. రోజూ ఒక ఫోలిక్ మాత్ర వేసుకోమంది. తీపి డబ్బాపాలు పోసిన ఐస్ కాఫీ రోజుకు మూడు గ్లాసులు తాగే మమ్మల్ని ఒక చిన్న గ్లాసుతో సరిపెట్టుకోమంది. పొద్దున్నే నడవాలి, వేళకు పడుకోవాలి, ఆకుకూరలు, చేపలు, పళ్ళు తినాలి. నెల మధ్యలో ఏయే రోజులు కలిసి వస్తాయో లెక్కపెట్టడం నేర్పింది. ఇన్ని చేసినా తప్పకుండా అవుతుందని నేను చెప్పను, అవకాశం పెరుగుతుందంతే అని కూడా చెప్పింది. ఆఖరికి మా వెనకాల ఖాళీగా ఉన్న బల్ల వైపు చూసి, "ఈసారి మొగుళ్ళని కూడా తీసుకురండి. బిడ్డ ఒక్కరి పని కాదు" అంది.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే కాలవ గట్టు మీద నడక మొదలుపెట్టాం. నేను ఏ పనైనా పట్టుకుంటే వదలను. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. వేయించిన అరటికాయ బజ్జీల బండి పక్క నుంచి వెళ్తూ ఊపిరి బిగబట్టేదాన్ని. న్యాన్ అలా కాదు. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి అయిదో రోజు బజ్జీ కొనుక్కుని నా ముందే తినేది. "అక్కా, ఒక్కటేలే, బిక్ అమ్మకి చెప్పకు" అని నవ్వేది. అది తప్పులు చేస్తుంటే నాకు లోపల ఎక్కడో హాయిగా ఉండేది. ఇద్దరిలో ముందు నాకే అవుతుందని నేను తీర్మానించుకున్నాను. పైకి మాత్రం ఇద్దరికీ ఒకేసారి అయితే ఎంత బాగుంటుందో అనేదాన్ని.

జులైలో ఒక పొద్దున న్యాన్ పక్కన దాని మొగుడు ఖియెమ్ నిలబడి ఉన్నాడు. నేనూ వస్తాను వదినా అన్నాడు. బిక్ అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాడట. సిగరెట్లు మానేసి తొమ్మిది రోజులైందట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెడుతూ, తీస్తూ నడిచాడు. ఆ గట్టు ముగ్గురు పక్కపక్కన నడిచేంత వెడల్పు లేదు. నేను వెనక పడ్డాను.

అసూయ నాకు ఆ రోజే పట్టింది. అప్పటికి దానికి కడుపు లేదు, ఏమీ లేదు. ముందు నడుస్తున్న ఆ రెండు వీపుల్ని చూస్తుంటే ఎవరో నా గొంతులో ముద్ద కుక్కినట్టయింది.

నా మొగుడు థోయ్ చెడ్డవాడు కాదు. కష్టపడతాడు, చెయ్యెత్తడు. కానీ సాయంత్రమైతే స్నేహితులు చుట్టూ కూర్చోవాలి, కాల్చిన కొర్రమీను ఉండాలి, బియ్యపు సారా ఉండాలి. సిగరెట్టు రోజుకు పెట్టె పైనే. పురుగుల మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోడు, చేతులకు తొడుగు వేసుకోడు, అదే చేత్తో సిగరెట్టు వెలిగిస్తాడు. బిక్ అమ్మ దగ్గరికి రమ్మని నేను నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి స్నేహితులందరూ ఉండగా, "బిడ్డ పుట్టేది నీ కడుపులోనా, నా సిగరెట్టు పెట్టెలోనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. వంటింట్లోకి వెళ్ళి తూటికూర కట్టలు విప్పి, కడిగిందే మళ్ళీ కడిగాను.

సెప్టెంబరులో న్యాన్ తన పడవని మా మంచె పక్కకు తెచ్చి ఆపింది. మొహం చూడగానే నాకు అర్థమైపోయింది. అది నోరు విప్పేలోగానే, ఎన్ని వారాలు అని అడిగేశాను. ఆరు అంది. ముందు నీకే చెబుతున్నాను అక్కా, మా అత్తకి కూడా చెప్పలేదు అంటూ నా చెయ్యి పట్టుకుంది. నేను చాలా సంతోషం అన్నాను. ఆ మాట నా నోట్లోంచి సరిగ్గానే వచ్చింది. ఇంటికెళ్ళి నా తేదీల పుస్తకం తీసి చూసుకున్నాను. ఏడు నెలలుగా ఒక్క మాత్ర తప్పలేదు, ఒక్క రోజు నడక మానలేదు. బజ్జీలు తిన్నది అది. కడుపు పండింది దానికి.

అప్పటి నుంచి దాని ప్రతిదీ నా కంటికి ముల్లయింది. అది పంపరపనస తొనలు తింటూ పుల్లగా ఉందని మొహం చిట్లిస్తే ముల్లు. వాంతులవుతున్నాయని చెబితే ముల్లు. నాకు ఆ వాంతులు కావాలి. కళ్ళు తిరగడం కావాలి. పడుకుంటే దాని కడుపే కనబడేది.

ఒకరోజు అది నన్ను ఒక సాయం అడిగింది. "మీ ఆయన మందు కొట్టే రోజు ముందుగా చెప్పక్కా. గాలి మా మడి మీదికే వస్తుంది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉండిపోతా" అంది. వాళ్ళాయన మాత్రం అది మడిలో లేని వేళ చూసి, మూతికి గుడ్డ కట్టుకుని కొడుతున్నాడట. అలాగే చెబుతానన్నాను. రెండుసార్లు చెప్పాను కూడా.

అక్టోబరులో మూడోసారి. రేపు పొద్దున మందు కొడతానని థోయ్ ముందు రోజే చెప్పాడు. నేను తెల్లవారుతూనే న్యాన్ ఇంటికి వెళ్ళాను, చెప్పడానికే వెళ్ళాను. వాళ్ళ పెరటి తడిక దగ్గర ఆగాను. ఖియెమ్ పొయ్యి ముందు గొంతుకూర్చుని అన్నం వండుతున్నాడు. ఉడికే అన్నం వాసన దానికి పడటం లేదని, పొయ్యిని ఇంటికి దూరంగా చెట్టు కింద పెట్టాడు. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో విసనకర్ర. పొగ ఇంటివైపు పోకుండా విసురుతున్నాడు. లోపల్నుంచి న్యాన్ ఏదో అంది, అతను నవ్వాడు.

నేను పిలవలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఏడు గంటలకు థోయ్ పడవలో మోటారు పెట్టుకుని పైపుతో మందు కొడుతున్నాడు. నేను దూరంగా, గాలికి ఎగువన, ఎండిన ఆకులు గిల్లుతున్నాను. కాలవ మలుపులో న్యాన్ పడవ కనిపించింది. తల మీద టోపీ, మూతికి ఏమీ లేదు. పాట పాడుకుంటూ వస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు, వినబడేంత దూరమే. నేను తల వంచి బుట్టల్లోకి చూస్తూ ఉండిపోయాను.

దాన్ని చూసింది థోయ్. మోటారు ఆపేసి, వెనక్కి వెళ్ళు వెనక్కి వెళ్ళు అని అరిచాడు. అప్పటికే మందు తుంపర దాని మీద పడింది. అది పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంది. ఖియెమ్ పరిగెత్తుకొచ్చి, మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, పడవని లాక్కుపోయాడు. నా వైపు ఇద్దరూ చూడలేదు. అనుమానం కూడా రాలేదు వాళ్ళకి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర థోయ్ అడిగాడు, ఆ పిల్లకి నువ్వు చెప్పలేదా అని. మర్చిపోయానన్నాను. అతను తినడం ఆపి నన్నే చూశాడు.

"ఆరేళ్ళ కింద నేను ఏ పెళ్ళికి ఏ చొక్కా వేసుకున్నానో చెబుతావు. నువ్వు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. చెప్పలేదు."

"ఎందుకు?"

"వాళ్ళాయన దాని కోసం సిగరెట్టు మానేశాడు. దాని పక్కన నడిచాడు. పొగ తగలకుండా చెట్టు కింద వంట చేస్తున్నాడు. నువ్వు నన్ను చూసి నలుగురిలో నవ్వావు. అందుకు."

అతను గిన్నె పక్కకు నెట్టి లేచిపోయాడు. ఆ సాయంత్రం మామూలుగానే తాగాడు.

మూడో రోజు న్యాన్‌కి రక్తం కనిపించింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచారు.  ఆ రెండు రోజులూ నేను మనిషిని కాదు. అసూయ ఎక్కడికి పోయిందో, ఆ బిడ్డ బతకాలి, బతకాలి అన్న ఒక్క మాటే లోపల తిరిగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని, పడుకోబెట్టి ఇంటికి పంపారని తెలిశాక ఏడ్చాను. మొదటి నెలల్లో ఇలా చాలామందికి అవుతుందని, మందు వల్లేనని గానీ కాదని గానీ చెప్పలేమని డాక్టరు అన్నాడట. నాకు ఆ మాట సగం ఊరట, సగం శిక్ష.

నేను దాని దగ్గరికి వెళ్ళాను. గుడ్డ ఉయ్యాలలో ఒత్తిగిలి పడుకుని ఉంది. నన్ను చూసి, మర్చిపోయి ఉంటావులే అక్కా, బాధపడకు అంది. ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. కానీ అది నా చెయ్యి కోసం చెయ్యి చాపింది.

"మర్చిపోలేదు న్యాన్. కావాలనే చెప్పలేదు. నువ్వు పడవలో రావడం కూడా చూశాను" అన్నాను.

చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దాన్ని వెనక్కి తీసుకుని అడిగింది. "నా బిడ్డ పోవాలనుకున్నావా?"

"లేదు. నీకున్నదాంట్లో ఏదో ఒకటి కొంచెం తగ్గాలనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు."

"ఇంటికెళ్ళక్కా" అంది. గోడ వైపు తిరిగింది.

థోయ్ నాకు చెప్పకుండానే బిక్ అమ్మ దగ్గరికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. పైపు పట్టుకున్నది తను కదా, ఆ బిడ్డకేమైనా అయితే తన వల్లేనా అని అడగడానికి వెళ్ళాడట. ఎలా కొడతావో చెప్పు అని బిక్ అమ్మ అడిగితే, అంతా చెప్పాడట. పక్క మడిలో ఉన్న పిల్ల కోసం ఇంత భయపడుతున్నావు, పదేళ్ళుగా ఆ మందు ముందు నీ ఒంటికే కదా పట్టింది, పైన సారా, సిగరెట్టు, నీ పెళ్ళాం ఒక్కతే నడిస్తే ఏం లాభం అందట ఆవిడ. వీర్యం పరీక్ష చేయిస్తే కణాలు తక్కువ, ఉన్నవాట్లో చాలావరకు చురుకు లేనివి. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "నవ్వుకో" అన్నాడు నాతో. నాకు నవ్వు రాలేదు.

మగవాడి ఒంట్లో కొత్త కణాలు తయారవడానికి మూడు నెలల దాకా పడుతుందని బిక్ అమ్మ చెప్పింది. మందు కొట్టే పని వేరేవాళ్ళకి ఇచ్చాడు. సారా ఒక్కసారిగా మానేశాడు. సిగరెట్టు మానడానికి మాత్రం నాలుగుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. స్నేహితులు, ఏరా, నీకు కూడా వాంతులవుతున్నాయా అని ఎగతాళి చేసేవాళ్ళు. చిరాకు పడేవాడు, గిన్నెలు విసిరేసేవాడు. కానీ పొద్దున్నే లేచి నాతో నడిచేవాడు. మా నడక వేరే గట్టు మీద.

మే నెలలో న్యాన్‌కి కొడుకు పుట్టాడు. నెల నిండిన పండక్కి వీధి వీధంతా వెళ్ళింది. మమ్మల్ని పిలవలేదు. అందరి చేతుల్లో తీపి అన్నం పొట్లాలు చూస్తూ నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆ బిడ్డని ఎత్తుకున్న ప్రతి ఆడదాన్నీ చూసి కుళ్ళుకున్నాను. ఈసారి నాకు దక్కనిది కడుపు కాదు. దాని ఇంటి గడప.

ఆగస్టులో నాకు నెల తప్పింది. వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఎలా తెలిసిందో, న్యాన్ బిడ్డని చంకనేసుకుని కాలవ అవతలి ఒడ్డుకు వచ్చి నిలబడింది. ఎన్ని వారాలు అని అడిగింది. ఏడు అన్నాను. "ఫోలిక్ మాత్ర మానకు" అని చెప్పి వెళ్ళిపోయింది. పది నెలల తర్వాత అది నాతో ఆడిన మొదటి మాట అదే.

నాకు కూతురు పుట్టింది. మూడో రోజు న్యాన్ పచ్చి బొప్పాయి వేసి ఉడికించిన పందికాళ్ళ సూప్ తెచ్చింది. పాలు పడతాయి తాగు అంది. బిడ్డని చూసింది, ఎత్తుకోలేదు. రెండో వారం ఎత్తుకుంది.

ఇప్పుడు కలిసే పని చేసుకుంటున్నాం, కానీ మునుపటిలా అన్నీ చెప్పుకోం. వాళ్ళబ్బాయికి తొమ్మిదో నెలకే మాటలొచ్చాయి. నా కూతురు ఏడాది నిండినా నోరు విప్పడం లేదు. ఆ పిల్లాడు అమ్మా అని పిలిచినప్పుడల్లా నా లోపల ఆ పాత ముద్ద కదులుతుంది. మొన్న ఆ సంగతి దానితోనే అన్నాను, వాడి మాటలు వింటే నాకు కుళ్ళుగా ఉందే అని. న్యాన్ బుట్టలో మట్టి సర్దుతూ నా వైపు చూసింది. "ఈసారి చెప్పావు కదా. మంచిది" అంది, ఇంకో బుట్ట అందుకుంది.