తలపాగా రెండో కొస

ఉదయం పావుతక్కువ ఎనిమిదికి నేను తలపాగా కొస వదిలేశాను. రెండో కొస నా భర్త గుర్తేజ్ సింగ్ చేతిలో ఉంది. తడిపిన గుడ్డ వాకిట్లో ఇటుకల మీద పడింది.

పంజాబులో మా ఊరు తరన్ తారన్‌లో ఆ వేళకు మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే పని. ఆరు మీటర్ల గుడ్డను ఒక్కరే మడత పెట్టడం కష్టం. ఒక కొస మగవాడు, రెండో కొస ఇంట్లో ఇంకొకరు పట్టుకుని బిగించి లాగాలి, నిలువునా మడవాలి, మళ్ళీ లాగాలి. దాన్ని పూణీ అంటారు. పెళ్ళైన మర్నాడు మా తోడికోడలు ఆయన్ని ఆట పట్టించింది.

"ఇన్నాళ్ళూ నీకు పూణీ ఎవరు పట్టారు మరిదీ?"

"తలుపు గడియకు కట్టి లాగేవాణ్ణి వదినా. ఇప్పుడిది వచ్చిందిగా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఊరి బయట పాత హవేలీలో మహారాజా రంజీత్ సింగ్ మీద టీవీ సీరియల్ తీస్తున్నారు. సైనికులకు తలపాగాలు కట్టే పని గుర్తేజ్‌ది. వాటికి రంగు వేసేది, గంజి పెట్టేది, ఆరేసేది నేను. మహారాజుకు పిల్లనిచ్చిన అత్త సదా కౌర్ వేషం వేసే నటి తన తల మీద మగవాళ్ళు చెయ్యి వెయ్యొద్దంది. అప్పటినుంచి ఆమెకు నేనే కడుతున్నాను.

ఆదివారం ఆమె లాహోరు పట్టే భాగం టీవీలో వచ్చింది. నేను వంటింట్లో రోటీలు కాలుస్తున్నాను. అక్కడినుంచి టీవీ సగమే కనిపిస్తుంది. సదా కౌర్ గుర్రం మీద లాహోరు కోట గుమ్మం దాటింది. మా అత్తగారు బీజీ చప్పట్లు కొట్టింది.

"ఆ తలపాగా చూడండి! నా కొడుకు చెయ్యి!"

"అది నేను కట్టాను బీజీ."

"ఎవరు కడితే ఏంటమ్మా, పేరు ఇంటిదేగా."

చివర్లో పేర్లు వచ్చాయి. తలపాగాలు: గుర్తేజ్ సింగ్. పెనం మీద రోటీ మాడింది.

"ఏం కోడలుపిల్లా, పేరు పడలేదని కోపం రోటీ మీద చూపిస్తున్నావా?" అంది బీజీ.

లాహోరు పట్టడానికి అల్లుడి పక్కన నిలబడ్డ ఆ అత్తనే, తర్వాత అల్లుడు ఖైదులో పెట్టాడు. ఆమె కోటలు లాక్కున్నాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ భాగం ఎప్పుడొస్తుందని అడిగితే, "అది తియ్యట్లేదు. మహారాజుగారి ఇంటి గొడవ టీవీలో ఎందుకు?" అన్నాడు గుర్తేజ్. కోట పట్టేటప్పుడు ఆమె సేన కావాలి. ఆమె కోట లాక్కుంటే మాత్రం అది ఇంటి గొడవ. నేను గిన్నెలు తోముతూ దీని గురించే ఆలోచించాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

సోమవారం సాయంత్రం దుస్తుల విభాగం చూసే మెహర్ నాకు ఫోన్ చేసింది. "మన సదా కౌర్‌కి షూటింగ్ చివరిదాకా నువ్వే కావాలిట ఇక్బాల్. ఈసారి నీ పేరే వేస్తాం. మా వ్యాను రోజూ ఎనిమిదికి మీ వీధి చివర ఆగుతుంది, రేపు ఎక్కెయ్." వస్తానన్నాను. ఆ మాట గుర్తేజ్‌కు చెప్పి పప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా ఫోన్ ఆయన చెవి దగ్గర ఉంది.

"ఇక్బాల్‌కి ఒంట్లో బాగాలేదండీ. ఇంకెవరినైనా నేనే చూస్తాను."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"రోజూ నువ్వు సెట్‌కి పోతే బీజీకి టీ ఎవరిస్తారే? నా పూణీ ఎవరు పడతారు? వస్తానని చెప్పేముందు ఆలోచించొద్దూ?"

ఇంకో రెండు రోటీలు అడిగాడు. పెట్టాను.

మర్నాడు ఉదయం ఎప్పటిలాగే గుడ్డ తడిపి రెండో కొస నాకందించాడు. "గట్టిగా పట్టు," అన్నాడు. వదిలేశాను.

"ఏమైందే?"

"ఒంట్లో బాగాలేదండీ."

లోపలికి వెళ్ళి సిద్ధమయ్యాను. చున్నీ వేసుకుని బయటికి నడిచాను. "టీ పెట్టకుండా ఎక్కడికే?" అని బీజీ కేక వేసింది. వ్యాను ఎనిమిదికే వచ్చింది.

"బాగాలేదన్నాడు మీ ఆయన?" అంది మెహర్.

"బాగానే ఉన్నాను."

ఆమె జరిగి చోటిచ్చింది. వ్యాను మా ఇంటి ముందు నుంచే వెళ్ళింది. గేటు తీసి ఉంది. వాకిట్లో గుర్తేజ్ ఒక కొస పట్టుకుని వెనక్కి వంగి లాగుతున్నాడు. రెండో కొస తలుపు గడియకు కట్టి ఉంది.